రోబో చెయ్యి ఎవరిది కొనాలి: జపాన్‌దా, చైనాదా, మనోళ్లదా?

చర్లపల్లిలో రెండు సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటర్ చెప్పినట్టు లోహం చెక్కే మిషన్లు) పెట్టుకుని పంపులకు షాఫ్టులు, బుష్‌లు చేసిచ్చే తమ్ముడొకడున్నాడు. పోయిన ఎండాకాలం ఫోన్ చేశాడు.

"అన్నా, నైట్ షిఫ్టుకు పిల్లలు దొరుకుతలేరు. రోబో పెడదామనుకుంటున్న. జపాన్‌ది తీసుకోవాల్నా, చైనాదా, మనోళ్లు చేసిందా?"

"జాబు బరువెంత?" అన్నాను. జాబంటే లేత్‌లో బిగించి చెక్కే ముక్క.

"కిలో పైన ఉంటది."

"గ్రిప్పర్ బరువు?" అన్నాను, అంటే జాబును పట్టుకునే రోబో పంజా.

అటువైపు కాసేపు మాట లేదు.

ఆ ఫోన్‌లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. అతనిలాంటి వాళ్లే ఇప్పుడు ఎక్కువ: ఒకటో రెండో రోబోలు కొనాలనుకునేవాళ్లు, చేతిలో నాలుగు కొటేషన్లు ఉన్నవాళ్లు, ఏ కొటేషనూ ఇంకోదానితో పోల్చడానికి వీల్లేకుండా ఉన్నవాళ్లు.

ముందు మార్కెట్లో మీ స్థానం ఏమిటో తెలుసుకోండి. అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క ప్రకారం మన దేశంలో 2023లో 8,510 పారిశ్రామిక రోబోలు కొత్తగా బిగించారు. 2024లో అది 9,100 దాటింది, ప్రపంచంలో ఆరో స్థానం. అదే ఏడాది చైనాలో బిగించినవి దాదాపు 2,95,000. మన 9,100లో 45 శాతం కార్ల పరిశ్రమకే పోయాయి. అంటే అమ్మేవాళ్లకు ఒక్కసారే వంద ఆర్డరిచ్చే కార్ల ఫ్యాక్టరీ అలవాటు. ఒకే ఒక్క రోబో కొన్న చర్లపల్లి షెడ్డు వాళ్ల సర్వీసు క్యూలో ఎక్కడ నిలబడుతుందో ఊహించుకోండి. కింద నేను చెప్పబోయే సగం మాటలు ఈ ఒక్క సంగతి నుంచి వచ్చినవే.

అసలు చెయ్యి కావాలా?

బార్ నుంచి కోసి చేసే చిన్న బుష్‌లే మీ పనైతే రోబో మాట మర్చిపోయి బార్ ఫీడర్ ధర కనుక్కోండి. లేత్ వెనక నిలబడి మూడు మీటర్ల రాడ్డును తనే తోస్తుంటుంది, రాత్రంతా మిషను ఒంటరిగా నడుస్తుంది. రోబో పెట్టాలనుకుని వచ్చి బార్ ఫీడర్‌తో సరిపెట్టుకుని సుఖపడినవాళ్లను నేను చూశాను. రోబో అమ్మేవాడు ఈ మాట చెప్పడు, చెప్పాల్సిన అవసరమూ అతనికి లేదు.

ఒకే జాబు మూడేళ్లపాటు మారకుండా నడిచేటట్టయితే గాంట్రీ లోడర్ చూడండి. మిషన్ల పైన పట్టాలు, వాటి మీద అడ్డంగా, నిలువుగా కదిలే రెండు సర్వోలు (చెప్పినంతే తిరిగే మోటార్లు). దాన్ని ఇక్కడే, మన ఫ్యాబ్రికేషన్ వాళ్లతోనే చేయించుకోవచ్చు. పాడైతే ఏ భాగమైనా దుకాణంలో దొరుకుతుంది. అసలు సిసలు స్వదేశీ రోబో అంటే నా దృష్టిలో అదే. కాకపోతే దానికి చెయ్యిలా మెలికలు తిరగడం రాదు, కొత్త జాబు వస్తే మళ్లీ వెల్డింగు, మళ్లీ డ్రిల్లింగు.

నెలకు పదిహేను రకాల జాబులు మారుతుంటే, ఫోర్జింగో క్యాస్టింగో ముక్కలుగా వస్తుంటే, అప్పుడు ఆరు కీళ్ల చెయ్యి. మన తమ్ముడి సంగతి ఇదే. అతని జాబు తూకం వేయిస్తే పచ్చి ముక్క 1.2 కిలోలు, తయారైంది 0.9. చక్‌లోంచి (లేత్‌లో జాబును బిగించే పట్టు) అయిపోయినదాన్ని తీసి, వెంటనే మణికట్టు తిప్పి కొత్తదాన్ని పెట్టాలంటే రెండు దవడలున్న గ్రిప్పర్ కావాలి, అది ఇంకో 2.6. మొత్తం 4.7 కిలోలు. బ్రోచర్లో 5 కిలోలని రాసిన చెయ్యి సరిపోతుందనిపిస్తుంది, సరిపోదు. ఆ 5 కిలోలు మణికట్టుకు ఆనుకుని ఉంటేనే. గ్రిప్పర్ పొడవు పెరిగి బరువు ముందుకు జరిగేకొద్దీ మోయగల బరువు తగ్గిపోతుంది. చాచిన చేత్తో బిందె పట్టుకున్నవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అతనికి కావాల్సింది 7 నుంచి 10 కిలోల తరగతి. ఆ ఒక్క లెక్కతో నాలుగు కొటేషన్లలో రెండు చెత్తబుట్టలోకి పోయాయి.

డబ్బు లెక్క, నిజాయితీగా

చెయ్యి ధర చూసి మోసపోవద్దు. గ్రిప్పర్, స్టాండు, జాబులు పేర్చే ట్రే, మిషనుకు తనంతట తెరుచుకునే తలుపు, మిషనుకూ రోబోకూ మధ్య సిగ్నళ్ల వైరింగు, కంచె, లైట్ కర్టెన్ (మనిషి అడ్డొస్తే రోబోను ఆపే కాంతి తెర), ప్రోగ్రామింగు, ట్రయల్స్ అన్నీ కలిపితేనే సెల్ అవుతుంది. చెయ్యికి ఒక రూపాయైతే మిగతావాటికి ఇంచుమించు రెండు రూపాయలని ఈ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాబట్టి చెయ్యి రెండు లక్షలు తక్కువకు దొరికిందని సంబరపడేలోపు, మొత్తంలో ఆ రెండు లక్షలు ఎంత భాగమో చూసుకోండి. ఏనుగును కొని అంకుశం దగ్గర గీచిగీచి బేరమాడే వాళ్లను గ్రిప్పర్ విషయంలోనే ఎక్కువగా చూస్తాను.

ఒక ఉదాహరణ వేద్దాం. అంకెలు ఊహించినవి, మీవి మీరు పెట్టుకోండి. సెల్ మొత్తం 18 లక్షలు. రెండు లేత్‌లు, రెండు షిఫ్టులు, మిషనుకొక ఆపరేటరు, అంటే నలుగురు. రోబో వచ్చాక షిఫ్టుకొకరు చాలు, బర్రు (అంచుల్లో మిగిలే ముళ్లు) తీయడం, కొలతలు చూడటం వాళ్ల పని. ఇద్దరి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ కలిపి నెలకు 40,000 మిగులు. అప్పు మీద 11 శాతం వడ్డీ అంటే నెలకు 16,500. కరెంటు, గ్రీజు, చిల్లర 3,000. మిగిలింది 20,500. ఈ లెక్కన 18 లక్షలు తిరిగి రావడానికి ఏడేళ్ల పైనే పడుతుంది. జీతాలు మిగులుతాయని మాత్రమే రోబో కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు రెండో వైపు. మిషనింగ్ 75 సెకన్లు, మనిషి లోడ్ చేయడానికి 15 అనుకుంటే ఎనిమిది గంటల షిఫ్టులో 320 ముక్కలు రావాలి. టీ, భోజనం, ఫోను, కబుర్లు పోను వచ్చేవి 250. రోబో లోడింగుకు 12 సెకన్లు తీసుకుంటే 331 రావాలి, అడ్డంకులకు పది శాతం తీసేసినా 298. మనిషి కంటే రోబో వేగం పెద్దగా ఎక్కువేం కాదు, ఆగకపోవడమే దాని గొప్ప. ముక్కలు 48 పెరిగాయి, రెండు మిషన్లు, రెండు షిఫ్టులు, 25 రోజులు అంటే 4,800. ముక్కకు 8 రూపాయలు మిగిలితే 38,400. పాత 20,500తో కలిపితే 58,900, దాదాపు ముప్పై నెలల్లో డబ్బు తిరిగొస్తుంది. షరతు ఒక్కటే: ఆ అదనపు 4,800 ముక్కలకు ఆర్డరుండాలి. ఆర్డరు లేనివాడికి ఏ దేశపు రోబో అయినా తెల్ల ఏనుగే.

పోల్చేటప్పుడు జీఎస్టీ 18 శాతాన్ని పక్కన పెట్టండి, అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. దిగుమతి సరుకు మీద కస్టమ్స్ సుంకం మాత్రం తిరిగి రాదు. మీరు ఎగుమతులు చేస్తుంటే ఈపీసీజీ పథకం కింద సుంకం లేకుండా తెప్పించుకోవచ్చు, అలా మిగుల్చుకున్న సుంకానికి ఆరు రెట్ల ఎగుమతి ఆరేళ్లలో చూపించాలి. మన తమ్ముడికి ఎగుమతి లేదు కనుక ఆ తలుపు మూసేశాం. తాకట్టు లేని అప్పు కావాలంటే సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెరిగింది, బ్యాంకులో పేరు పెట్టి అడగండి.

ఎవరి చెయ్యి ఎట్లాంటిది

జపాన్, యూరప్ చేతుల గురించి పొగడాల్సిన పనిలేదు. 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ న్యూజెర్సీ ఫ్యాక్టరీలో మొదటి యూనిమేట్ పనిలోకి దిగింది. 1968లో దాని లైసెన్సు కవాసాకి తీసుకుంది, ఏడాదిలో జపాన్‌లో తయారు చేసింది. ఫానుక్ 1972లో ఫుజిట్సు నుంచి వేరుపడింది. యాభై ఏళ్లకు పైగా ఒకే పని చేసినవాళ్ల సరుకు అది. రోజుకు మూడు షిఫ్టులు, ఏళ్ల తరబడి, కూలెంట్ జల్లుల కింద నడుస్తుంది. మణికట్టు ఐపీ67 రక్షణతో వస్తుంది, అంటే కాసేపు నీళ్లలో ముంచినా లోపలికి చెమ్మ పోదు. వెల్డింగ్ ప్యాకేజీలు పండిపోయాయి: సీమ్ (అతుకు) ఎక్కడుందో తీగతో తాకి వెతుక్కోవడం, ఆర్క్ నడుస్తుండగానే దారి దిద్దుకోవడం వంటివి. పాత మోడళ్లకూ పార్టులు దొరుకుతాయి.

మరి లోపం? ఒకటి, ఆ సౌకర్యాల్లో చాలావాటికి విడివిడిగా లైసెన్సు డబ్బులు. కొటేషన్లో కనిపించని 'ఆప్షన్లు' ప్రోగ్రామర్ వచ్చాక బయటపడతాయి. రెండు, దూరం. పెద్ద కంపెనీల కేంద్రాలు బెంగళూరు, పుణె, ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నాయి. నేను ఒకప్పుడు పనిచేసిన షాపులో డ్రైవ్ కార్డు ఒకటి పోయింది. ఏ దేశం బ్రాండో చెప్పను. కార్డు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, బిగించడానికి నలభై నిమిషాలు. ఆ పంతొమ్మిది రోజులూ పాత ఆపరేటర్లను బతిమాలి పిలిపించుకున్నాం.

'విదేశీ బ్రాండు' అన్నది కూడా శిలాశాసనం కాదు. జర్మనీ వాళ్ల కూకా 2017 మొదటికల్లా చైనా మిడియా చేతికి పోయింది, 94 శాతానికి పైగా వాటాలతో. ఏబీబీ తన రోబోటిక్స్ వ్యాపారాన్ని జపాన్ సాఫ్ట్‌బ్యాంక్‌కు దాదాపు 540 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించింది. జర్మన్ రోబో అని గొప్పగా చెప్పుకుంటున్నాయన యజమాని ఎవరో ఒకసారి చూసుకోవాలి మరి.

చైనా చేతుల్ని పదేళ్ల కిందట నవ్వి పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ నవ్వు చెల్లదు. చైనా సొంత మార్కెట్లో చైనా కంపెనీల వాటా చాలా ఏళ్లు 28 శాతం చుట్టూ ఉండి, 2024లో 57 శాతానికి ఎక్కింది. ఎస్టున్, ఇనోవాన్స్ లాంటి పేర్లు సెల్ బిగించిపెట్టే మన ఇంటిగ్రేటర్ల నోళ్లలో మామూలైపోయాయి. ధర తక్కువ, ఆప్షన్లు చాలావరకు కలిపే ఇస్తారు. నా భయం చెయ్యి గురించి కాదు, మధ్యవర్తి గురించి. ఇక్కడ అమ్మేది తరచూ ఒక ట్రేడింగ్ కంపెనీ. వాళ్లు వచ్చే ఏడాది ఇంకో బ్రాండుకు మారిపోతే మీ గతి? చైనా చెయ్యి తీసుకోవాలనుకుంటే మొదట అడగాల్సింది: సర్వో డ్రైవ్, ఒక మోటారు, పెండెంట్ (చేత్తో పట్టుకుని రోబోను నడిపే పలక) హైదరాబాద్‌లోనో చెన్నైలోనో స్టాకు ఉన్నాయా, ఉంటే నాకు చూపించండి. చూపించినవాళ్ల దగ్గర కొనొచ్చు.

సెకండ్‌హ్యాండ్ చేతుల గురించి క్లుప్తంగా చెప్తాను. విదేశాల్లో కార్ల లైన్ల నుంచి విప్పిన రోబోలు ఇక్కడికి వస్తుంటాయి. మీ దగ్గర సొంతంగా ప్రోగ్రామ్ చేసి, కంట్రోలర్ (రోబో మెదడున్న పెట్టె) విప్పి చూసే మనిషి ఉంటేనే వాటి జోలికి పోండి. పోతే డయల్ గేజ్ పట్టుకెళ్లి, మణికట్టుకు ఆనించి చేత్తో నెట్టి ఆట (వదులు) ఎంతుందో చూడండి. ఒక్కో కీలు నుంచి కాస్త గ్రీజు తీసి వేళ్ల మధ్య రుద్దండి. ఇనుప రజను మెరిస్తే లోపల గేరు తింటోందని అర్థం. కొత్త పెయింటు చూసి మాత్రం మురిసిపోవద్దు.

'మనదే' అంటే ఎంత మనది?

ఇక మనోళ్ల చేతులు. 2017లో టాటా గ్రూపు కంపెనీ టాల్, బ్రాబో పేరుతో 2 కిలోలు, 10 కిలోలు మోసే రోబోల్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ధర 5 నుంచి 7 లక్షలన్నారు. చిన్న పరిశ్రమ రోబో కొనగలదన్న ఆలోచనే అప్పట్లో కొత్త. బెంగళూరులో సిస్టమాంటిక్స్ ఎన్నో ఏళ్లుగా ఆరు కీళ్ల చెయ్యి మీద పనిచేస్తోంది. మన హైదరాబాద్‌లో స్వాయ రోబోటిక్స్ కోబాట్‌లు (మనిషి పక్కనే పనిచేసే రోబోలు) చేస్తోంది, డీఆర్‌డీఓ ల్యాబ్‌లతో కలిసి నాలుగు కాళ్ల రోబో చేసినవాళ్లూ వీళ్లే. నోయిడాలో యాడ్‌వెర్బ్ గోదాముల రోబోలతో మొదలై చేతుల దాకా వచ్చింది, 2022లో రిలయన్స్ అందులో మెజారిటీ వాటా కొన్నది.

వీళ్లలో ఎవరు మేలో నేను చెప్పను. మీ జాబు మీద నడిపించి చూడకుండా ఎవరూ చెప్పలేరు. కానీ 'మేడిన్ ఇండియా' స్టిక్కరు వెనక ఏముందో అడిగి తెలుసుకోవచ్చు. ప్రభుత్వ కొనుగోళ్లలో దీనికి ఒక కొలత ఉంది: విలువలో 50 శాతం అంతకుమించి స్థానికమైతే మొదటి తరగతి స్థానిక సరఫరాదారు, 20 నుంచి 50 లోపైతే రెండో తరగతి. మీరు ప్రైవేటుగా కొంటున్నా ఆ ప్రశ్నే వేయండి. బిడియపడొద్దు, నిజంగా చేసేవాళ్లు సంతోషంగా చెప్తారు.

చెయ్యి విప్పితే లోపల ఏముంటుందో తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. ప్రతి కీలులోనూ ఒక సర్వో మోటారు, అది ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడరు, ఒక బ్రేకు, వేగం తగ్గించి బలం పెంచే గేర్‌బాక్సు. కష్టమంతా ఆ గేర్‌బాక్సులో ఉంది. చిన్న కీళ్లలో వాడే హార్మోనిక్ డ్రైవ్‌ను 1950ల్లో అమెరికాలో వాల్టన్ మస్సర్ కనిపెట్టాడు. పలచని ఉక్కు గిన్నె ఒకటి, దాని అంచు మీద 200 పళ్లు అనుకోండి. దాని చుట్టూ 202 పళ్ల గట్టి వలయం. గిన్నె లోపల కోడిగుడ్డు ఆకారపు చక్రం తిరుగుతూ గిన్నెను సాగదీసి రెండు చోట్ల పళ్లు కలుపుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే గిన్నె రెండు పళ్లు మాత్రమే జరుగుతుంది, అంటే నూరు చుట్లకు ఒక చుట్టు. ఒకే అంచెలో, ఆట దాదాపు లేకుండా. ఆ పలచని ఉక్కు కోట్లసార్లు వంగి లేచినా పగలకూడదు, పళ్లు మైక్రాన్లలో ఉండాలి. పెద్ద కీళ్లలో వాడే ఆర్‌వీ గేర్లలో జపాన్ నాబ్టెస్కో ఒక్కటే ప్రపంచ మార్కెట్లో ఇంచుమించు 60 శాతం పట్టుకుని కూర్చుంది. చైనా రోబోల ధర దిగడానికి ఒక పెద్ద కారణం సుజౌలోని లీడర్‌డ్రైవ్ లాంటి కంపెనీలు హార్మోనిక్ గేర్లను ఇంట్లోనే చేయడం.

మన చేతుల్లో ఇప్పటికీ ఈ గేర్లు ఎక్కువగా బయటి నుంచి వచ్చేవే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, యూరప్ రోబోల్లోనూ చాలావాటిలో జపాన్ గేర్లే ఉంటాయి. నా వరకు 'మనది' అనిపించుకోవడానికి గేరు కన్నా ముఖ్యమైంది కంట్రోలర్. దాని కోడు రాసింది వీళ్లేనా, లేక బయటి కంట్రోలర్‌కు తమ బొమ్మ అతికించారా? కోడు వీళ్లదే అయితే, మీ లేత్ తలుపు సిగ్నలు ఆలస్యమై రోబో గందరగోళపడుతున్నప్పుడు ఆ కోడు రాసిన పిల్లాడే మీ షెడ్డుకొచ్చి, నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో సరిచేసి వెళ్తాడు. నేను ఇది కళ్లారా చూశాను, పెద్ద బ్రాండు దగ్గర ఎన్నడూ చూడలేదు. అక్కడ టికెట్ నంబరిస్తారు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. పెద్ద బ్రాండులో పదేళ్ల కిందటే దిద్దుకున్న తప్పులు కొత్త కంపెనీ చేతిలో మీ దగ్గర మొదటిసారి బయటపడొచ్చు. డబ్బులిచ్చి మరీ మీరు వాళ్ల ప్రయోగశాల అవుతారు. అందుకు తగ్గ ధర, తగ్గ శ్రద్ధ, రాతపూర్వకంగా రాబట్టుకోండి: అదనంగా ఒక కీలు మాడ్యూలు మీ దగ్గరే ఉంచాలి, ప్రోగ్రాము బ్యాకప్, ఎలక్ట్రికల్ డ్రాయింగులు మీ చేతికివ్వాలి, కంపెనీ మూతపడితే కంట్రోలర్ పాస్‌వర్డులు మీకు దక్కాలి. చివరిది అడిగితే కొందరు మొహం మాడ్చుకుంటారు. అడగండి.

బ్రోచర్లో రాయనివి

రిపీటబిలిటీ ±0.03 మిల్లీమీటర్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. చూపించిన చోటికే మళ్లీ మళ్లీ రావడంలో తేడా అది. లెక్క కట్టి చెప్పిన కొత్త చోటికి అంతే కచ్చితంగా పోతుందని కాదు. ఐఎస్ఓ 9283 ప్రమాణం ఈ రెంటినీ వేరువేరుగా కొలుస్తుంది. చక్‌లో జాబు పెట్టడానికి ±0.1 ఉన్నా చాలు, కాస్త వదులిచ్చే గ్రిప్పర్‌తో మిగతాది చక్కే సర్దుకుంటుంది. 0.02కీ 0.05కీ మధ్య తేడా కోసం లక్షలు పోయొద్దు.

కోబాట్‌కు కంచె అక్కర్లేదనే మాట సగమే నిజం. చెయ్యి మెత్తగా ఆగొచ్చు, దాని గ్రిప్పర్‌లో ఉన్న పదునైన షాఫ్టు మెత్తగా ఉండదు. పైగా మనిషి పక్కన భద్రంగా ఉండాలంటే వేగం బాగా తగ్గించాలి, అప్పుడు పైన వేసిన 12 సెకన్ల లెక్క గల్లంతవుతుంది. రోబోల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 10218ని 2025లో కొత్తగా సవరించారు, కోబాట్ నియమాలు కూడా అందులో చేరాయి. ఇంటిగ్రేటర్‌ను రిస్క్ అసెస్‌మెంట్ కాగితం అడిగితే అతను ఎంత దూరం చదువుకున్నాడో తేలిపోతుంది.

తర్వాత మన ఎండ. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో మీకు తెలుసు. కంట్రోలర్ ప్యానెల్ ఎక్కువగా 40 లేదా 45 డిగ్రీల దాకానే పనికొస్తుందని రాసి ఉంటుంది. ప్యానెల్ ఏసీ ధర కొటేషన్లో ఉందా? జపాన్ చేతులు చాలావరకు 200 వోల్టుల తరగతివి, మన 415కి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఎవరి ఖర్చు? ఎన్‌కోడర్ బ్యాటరీ ఎవరు మారుస్తారు? ఈ ఆఖరిదాన్ని నవ్వులాటగా తీసుకోకండి. వేలల్లో కూడా లేని ఆ బ్యాటరీ చచ్చిపోతే రోబో తన కీళ్లు ఎక్కడున్నాయో మర్చిపోతుంది. మళ్లీ సున్నా గుర్తులు పెట్టి, నేర్పిన పాయింట్లన్నీ సరిచూసే దాకా షిఫ్టు పోయినట్టే.

నాకైతే

ఆర్క్ వెల్డింగు, అదీ కార్ల కంపెనీకి సరఫరా చేసేవాళ్లయితే, జపాన్ లేదా యూరప్ చెయ్యి. ఆ విషయంలో స్వదేశీ అభిమానం పక్కన పెట్టమనే చెప్తాను. అక్కడ ఒక రిజెక్షన్ లాట్ ఖరీదు ధరలో మిగిలిన డబ్బు కంటే పెద్దది. బస్తాలు, కార్టన్లు పేర్చడానికి నాలుగు కీళ్ల చెయ్యి చాలు, చైనాది స్టాకు చూసుకుని తీసుకోవచ్చు. చిన్న భాగాలు పైనుంచి ఎత్తి పెట్టడం, స్క్రూలు బిగించడం అయితే స్కారా. 1978లో జపాన్ యమనాషి విశ్వవిద్యాలయంలో హిరోషి మకినో రూపొందించిన ఆ నాలుగు కీళ్ల పద్ధతి ఈ పనికి ఇప్పటికీ ఆరు కీళ్ల చెయ్యి కంటే వేగంగా, చవగ్గా ఉంటుంది.

లేత్ లోడింగు, టెస్టింగ్ బెంచీ, గమ్ము పూయడం, పది కిలోల లోపు, సైకిల్ టైము నిమిషం పైన, కొనేది ఒకటో రెండో. ఇక్కడ మాత్రం మనోళ్ల చెయ్యికే నా ఓటు, తయారుచేసేవాళ్లు మీ ఊళ్లోనో, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లోనో ఉంటే. దేశభక్తితో కాదు, ఆ పంతొమ్మిది రోజులు గుర్తుండి అంటున్నాను.

రోబోలు కొనాలని కాక చేయాలని ఉన్నవాళ్లకు ఒక మాట. ఆరు కీళ్ల చెయ్యి మొత్తం మొదటి రోజే చేసి ఫానుక్‌తో తలపడాలన్న ఆశతో చాలామంది డబ్బు కరిగించుకున్నారు. మన బలం వేరే చోట ఉంది. బాలానగర్ షెడ్లు దశాబ్దాలుగా ఇస్రోకు, డీఆర్‌డీఓకు మైక్రాన్లలో పనిచేసిచ్చాయి. 1968లో పెట్టిన సీఐటీడీ (కేంద్ర టూల్ డిజైన్ సంస్థ) అక్కడే టూల్ డిజైన్ నేర్పుతోంది. 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనా చేసుకునే మిషన్లున్నాయి, అదే ఏడాది మే నెలలో రాష్ట్రం రోబోటిక్స్‌కు ప్రత్యేక విధానమూ ప్రకటించింది. క్యాస్టింగు, మిషనింగు, గ్రిప్పరు, ఫిక్చరు, వైరింగు మనకు చేతనైనవి. గేరు, ఎన్‌కోడరు ఇంకా కావు. కాబట్టి మొదట గ్రిప్పర్లు, గాంట్రీలు, ఆ తర్వాత సొంత కంట్రోలర్‌తో ఒక్క పనికే బాగా కుదిరిన చెయ్యి, ఆఖరున గేరు. లేత్ లోడింగు ఒక్కదాన్నే లక్షణంగా చేసిపెట్టే ప్యాకేజీకి బాలానగర్ నుంచి జీడిమెట్ల దాకా ఎన్ని షెడ్లు ఎదురుచూస్తున్నాయో ఒక రోజు తిరిగి చూడండి.

డెమోకు పోయేవాళ్లు మీ జాబులే గోనెసంచిలో వేసుకెళ్లండి. నూనె కారుతున్నవి, బర్రు తీయనివి, కొలత అంచులో ఉన్నవి కూడా కలపండి. వాళ్లు తుడిచిపెట్టుకున్న అల్యూమినియం ముక్కలతో ఏ రోబో అయినా నాట్యం చేస్తుంది. రెండు గంటలు ఆపకుండా నడిపించమని, మధ్యలో ఎయిర్ లైను ఒకసారి మూసి, కరెంటు ఒకసారి తీసి చూడండి. జాబు కింద పడేస్తుందా, మళ్లీ కరెంటు వచ్చాక ఎక్కడ మొదలవుతుంది, ఆపరేటరు ఒక్కడే దాన్ని దారిలో పెట్టగలడా?

మన తమ్ముడు చెయ్యి ఇంకా కొనలేదు. గ్రిప్పర్ మాత్రం చేయించాడు, పక్క షెడ్డులోనే. ఈ తరగతి కోబాట్‌లలో చాలావాటికి మణికట్టు పళ్లెం ఒకే ఐఎస్ఓ కొలత: 50 మిల్లీమీటర్ల వృత్తం మీద నాలుగు ఎం6 రంధ్రాలు. పళ్లెం అదే కొలతదైతే జపాన్‌దైనా, చైనాదైనా, మనదైనా ఆ గ్రిప్పర్ ఎక్కుతుంది. కిందటివారం పోతే దాన్ని టేబుల్ వైస్‌లో బిగించి, ఎయిర్ పైపు తగిలించి, ఒక్కో షాఫ్టూ అందించి పట్టిస్తున్నాడు. మూడో రకం జాబు జారిపోతోంది. దవడలకు గాట్లు పెట్టిస్తున్నాడు.